బ్రేకు మీద కాలు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక వచ్చిన మొదటి మాఘమాసం అది. ఆ రోజుల్లో తిరువూరులో మోటారు చప్పుడు వినిపిస్తే, వచ్చేది బెజవాడ బస్సో మిల్లు వారి వ్యానో చూడకుండానే చెప్పేవారు జనం. బస్సు దగ్గుతూ వచ్చేది. వ్యాను మాత్రం ఒకే తీరుగా, తుమ్మెదలా గుయ్యిమంటూ వచ్చేది. బియ్యం మిల్లు చంద్రశేఖరంగారు దాన్ని ఇరవయ్యేళ్ళ కిందట వేలంలో కొని, బెజవాడలో టేకుచెక్కతో బాడీ కట్టించారు. ముందు సీటు గాక, వెనక ఎదురెదురుగా రెండు బల్లలు. గుళ్ళకైనా పెళ్ళిళ్ళకైనా పురుళ్ళకైనా ఆ ఇంట్లో వాళ్ళందరికీ అదే వాహనం. కొన్ననాటి నుంచీ దాన్ని నడుపుతున్నవాడు కాలేషా.

ఆ శనివారం నెమలి వెళ్ళి వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని తిరిగి వస్తున్నారు. గంపలగూడెం రోడ్డు తిరువూరులోకి పల్లంగా దిగేచోట ఓ ఎద్దుబండి అడ్డంగా తిరిగింది. కాలేషా ఎప్పటిలాగే బ్రేకు మీద కాలు మెత్తగా ఆనించాడు. పెడలు పాదం కింద వణికింది. ఇంకాస్త నొక్కాడు. ఆ వణుకు మోకాలిదాకా పాకింది. ఎవరో వెనక నుంచి పట్టి వదిలి, పట్టి వదిలి లాగుతున్నట్టు వ్యాను కుదుపులతో దిగి, ఎడ్ల కొమ్ములకు జానెడు దూరంలో ఆగింది. వెనక కూర్చున్న కోటేశ్వరమ్మ ముందుకు తూలి, నుదురు సీటు కమ్మీకి కొట్టుకుంది. ఆవిడ చంద్రశేఖరంగారి తల్లి. చేతిలోని తీర్థం చెంబు ఒలికి చీరంతా తడిసింది.

"మెల్లగా, కాలేషా" అంది చంద్రశేఖరంగారి భార్య పరమేశ్వరి, అత్తగారిని పొదివి పట్టుకుంటూ.

"మెల్లగానే నొక్కానమ్మగారూ."

ముందు సీటులో ఉన్న చంద్రశేఖరంగారు ఎద్దుబండి వైపు చూడటం లేదు. కాలేషా కుడి మోకాలి వైపు చూస్తున్నారు. ఖాకీ ప్యాంటు కింద అది ఇంకా అదురుతూనే ఉంది. కాలేషా కూడా ఒకసారి అటు చూసి, చూపు తిప్పుకున్నాడు.

దీపావళి నాటి నుంచీ ఇదే వరస. మొదట్లో చీమ పాకినట్టు ఉండేది. రాను రాను ఎక్కువైంది. బస్టాండు దగ్గరి మెకానిక్కు ముందు చక్రాలు విప్పి చూశాడు, మళ్ళీ ఓసారి విప్పి చూశాడు. బండిలో ఏ లోపమూ లేదన్నాడు. బండిలో లేకపోతే ఇక ఎక్కడుందో కాలేషా పైకి అనలేదు గాని, అనుకోవడం మాత్రం మానలేదు. వాళ్ళ నాన్నకు ఈ వయసులోనే వణుకు పట్టుకుంది. ఆఖరికి గ్లాసు కూడా నోటిదాకా తెచ్చుకోలేకపోయేవాడు.

సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చుంటే భార్య ఖతీజాబీ ఆముదం గోరువెచ్చగా కాచి తెచ్చింది. మోకాలి నుంచి మడమ దాకా ఒకే తీరున రుద్దుతూ పోయింది.

"ఇప్పుడు వణకట్లేదుగా" అంది కాసేపటికి.

"ఇంట్లో వణకదు. బ్రేకు మీద పెడితేనే."

"అదేం జబ్బు, బ్రేకు మీద పెడితేనే వచ్చేది?"

"భయం అయ్యుంటుంది" అన్నాడు కాలేషా. "భయం వచ్చాక డ్రైవరు పనికిరాడు."

ఖతీజాబీ ఆముదం చేతుల్ని పాతగుడ్డకు తుడుచుకుని, లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

* * *

మర్నాడు పొద్దున కాలేషా వ్యాను తుడవడానికి వెళ్ళేసరికి మిల్లు ఆవరణలో ఓ కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. పక్కన ఇనప పెట్టె, తాడు కట్టిన పరుపుచుట్ట. ఆ పెట్టె మీద అతని భార్య కూర్చుని ఉంది. చంద్రశేఖరంగారు లోపలి నుంచి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, కంఠతా పట్టిన పాఠంలా ఒక్క ఊపిరిలో చెప్పారు.

"కాలేషా, ఇతను అంతోనయ్య. నిడదవోలులో లారీ నడిపేవాడు. ఇకనుంచి వ్యాను ఇతను చూసుకుంటాడు. గురువారం అమ్మాయినీ పసిబిడ్డనీ పెనుగొలను అత్తారింటికి పంపాలి. నువ్వు ఈ నాలుగు రోజులూ పక్కన కూర్చుని దారులు చూపించు. తర్వాత మిల్లులో ఏదో నీడపట్టు పని చూస్తాను. వయసు మీద పడుతోంది గదా."

"మంచిదండి" అన్నాడు కాలేషా.

జేబులోంచి తాళంచెవి తీసి అంతోనయ్యకిచ్చాడు. తర్వాత కూడా, అలవాటు కొద్దీ, గుడ్డ తీసుకుని స్టీరింగు తుడిచాడు, అద్దం తుడిచాడు. తలుపు పిడి తుడుస్తున్నప్పుడు గాని ఆ పని ఇక తనది కాదని గుర్తు రాలేదు. గుడ్డ మడిచి సీటు మీద పెట్టి పక్కకి తప్పుకున్నాడు.

తీసేసినందుకు కాదు అతనికి బాధ. నిన్న నెమలి బయల్దేరే ముందే ఈ మనిషికి కబురు వెళ్ళి ఉండాలి. దారి పొడుగునా పక్కనే కూర్చుని, అరటిపళ్ళు వలిచి చేతికిచ్చి, ఆ సంగతి ఆయన ఒక్క ముక్క అనలేదు.

సోమవారం పరమేశ్వరి విస్సన్నపేటలో చుట్టాల ఇంటికి పేరంటానికి బయల్దేరింది. అంతోనయ్య స్టీరింగు ముందు కూర్చున్నాడు. కాలేషా మొదటిసారి ఆ వ్యానులో ఎడమ పక్కన కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇన్నేళ్ళుగా ఆ దారిలో తిరిగినా రోడ్డు తప్ప మరొకటి చూసిన మనిషి కాదు. మామిడితోటలు పూత మీద ఉన్నాయి. తోట వెంట తోట, చెట్టు ఆకు కనబడకుండా పూత. కిటికీలోంచి ఆ వగరు వాసన మొహానికి కొడుతుంటే, పరమేశ్వరి పెళ్ళయి కొత్తగా కాపురానికి వచ్చిననాడు ఇదే దారిలో తనే తీసుకొచ్చాడని గుర్తొచ్చింది. అప్పుడూ పూతకాలమే. ఆవిడ వెనక బల్ల మీద వెక్కి వెక్కి ఏడుస్తుంటే, ఏమనాలో తోచక, దారిలో వచ్చే ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే గట్టిగా చెప్పుకుంటూ వచ్చాడు తను. నాలుగూళ్ళు దాటాక ఏడుపు ఆపి, "ఆ తర్వాత ఏ ఊరు?" అని అడిగింది. ఇప్పుడు ఆవిడకు మనవడు పుట్టాడు.

ఇంతలో పల్లం వచ్చింది. ముందు మేకలమంద రోడ్డు దాటుతోంది. అంతోనయ్య బ్రేకు నొక్కాడు. వ్యాను పట్టి వదిలి, పట్టి వదిలి కుదిపింది. కాలేషా మేకల్ని చూడలేదు. అతని చూపు తనకు తెలియకుండానే అంతోనయ్య కుడి మోకాలి మీదికి పోయింది.

అది వణుకుతోంది.

అంతోనయ్య గబుక్కున ఎడమచేత్తో మోకాలిని అదిమి పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. పక్కకు చూడకుండా మేకలు పోయేదాకా అలాగే కూర్చున్నాడు.

విస్సన్నపేటలో పరమేశ్వరి లోపలికి వెళ్ళాక ఇద్దరూ వీధరుగు మీద కూర్చున్నారు. అంతోనయ్య బీడీ వెలిగించబోయి, వెలిగించకుండా చేతిలోనే పెట్టుకున్నాడు.

"సాయిబుగారూ, ఒక్క మాట. షావుకారుగారితో అనకండి."

"ఏం సంగతి?"

"నా కాలు. పోయినేడు టైఫాయిడు వచ్చి మంచాన పడ్డాను. నరాల్లో బలం పోయినట్టుంది. నిడదవోలులో బాగానే ఉంది, ఇక్కడికొచ్చాకే వణుకుతోంది. నిన్న ఒక్కణ్ణే ఊరు చుట్టి వచ్చినప్పుడూ అంతే. మా జ్ఞానమణిక్కూడా చెప్పలేదు. ఈ పనీ పోతే మేం ఎక్కడికని పోతాం?"

కాలేషా అతని మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. ఎన్నాళ్ళుగానో నవ్వనివాడు నవ్వినట్టు, దగ్గు వచ్చి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు.

"నవ్వుతారేంటండీ" అన్నాడు అంతోనయ్య, మొహం చిన్నబుచ్చుకుని.

"కాలు చాపు."

"ఎందుకండీ?"

"చాపవయ్యా చెబుతాను."

అంతోనయ్య కుడికాలు ముందుకు చాచాడు. కాలేషా అతని చేతిలోని అగ్గిపెట్టె తీసుకుని, బొటనవేలి మీద నిలువుగా నిలబెట్టాడు. అది కదలలేదు. తర్వాత అదే పెట్టె తన కాలి మీద పెట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టి చూశాడు. అక్కడా కదలలేదు. దారిన పోతున్న ఒకావిడ, అరుగు మీద కాళ్ళు చాపుకుని అగ్గిపెట్టెను గుడ్లప్పగించి చూస్తున్న ఇద్దరు మగవాళ్ళని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళింది.

"నన్ను మానిపించింది ఈ వణుకుకే" అన్నాడు కాలేషా. "నేనూ నీలాగే కాలిదనుకున్నాను. ఒకే వణుకు ఇద్దరి కాళ్ళకెలా వస్తుందయ్యా? బండిలోనే ఉంది."

* * *

పరమేశ్వరిని ఇంటి దగ్గర దించి, వాళ్ళిద్దరూ వ్యానును ఊరి బయట చదునుగా ఉన్న రోడ్డు మీదికి తీసుకెళ్ళారు. ఈసారి కాలేషా నడిపాడు. కాస్త వేగం అందుకున్నాక బ్రేకు మీద కాలు పెట్టలేదు. రెండు పాదాలూ నేలకు ఆనించి, హ్యాండుబ్రేకును మెల్లమెల్లగా పైకి లాగాడు. పాదాల కింద పెడలు లేదు. అయినా వణుకు వచ్చింది. సీటు కింద నుంచి నడుములోకి వచ్చింది.

"వెనక చక్రాలు" అన్నాడు అంతోనయ్య. హ్యాండుబ్రేకు పట్టేది వెనక చక్రాలనే.

"ఆ మెకానిక్కూ నేనూ ఎప్పుడూ ముందు చక్రాలే వెతికాం."

మిల్లు ఆవరణలో జాకీ పెట్టి వెనక చక్రాన్ని లేపారు. బ్రేకు షూలను ఆనీ ఆననట్టు బిగించి, అంతోనయ్య చక్రాన్ని చేత్తో తిప్పుతుంటే కాలేషా చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. చక్రం తిరిగే చుట్టులో ఒకచోట బర్రున గీసుకుంటోంది, తర్వాత వదిలేస్తోంది, మళ్ళీ ఎదురుచోట గీసుకుంటోంది. రెండో పక్క చక్రమూ అంతే.

చక్రాలు తీసి, మరలు విప్పి, చుట్టూ చెక్కసుత్తితో తట్టి, ఇనప మూకుళ్ళలాంటి ఆ డ్రమ్ములు ఊడదీశారు. బ్రేకు నొక్కితే లోపలి షూలు విచ్చుకుని ఈ డ్రమ్ము గోడనే పట్టి ఆపుతాయి. కాలేషా మసి తుడిచి వెలుతురులో పెట్టి చూశాడు. గుండ్రంగానే కనిపించింది. కంటికి ఆనే తేడా కాదు. అప్పుడు ఓ వెదురుపుల్ల తీసుకుని, డ్రమ్ము లోపల ఈ గోడ నుంచి ఆ గోడకు సరిగ్గా బిగిసేలా కొద్దికొద్దిగా చెక్కుతూ పోయాడు. పుల్ల బిగిసింది. దాన్ని తీసి, డ్రమ్మును పావువంతు తిప్పి, మళ్ళీ పెట్టాడు. ఈసారి పుల్ల నిలవలేదు. జారి కింద పడింది.

ఇద్దరూ దాన్ని అలా చూస్తూ ఉండిపోయారు.

"ఏంటి, ఇద్దరూ కలిసి బండంతా ఊడదీశారు?"

చంద్రశేఖరంగారు మిల్లులోంచి వచ్చారు. భుజాల మీద తవుడు తెల్లగా పడి ఉంది. అంతోనయ్య లేచి నిలబడ్డాడు. కాలేషా లేవలేదు. కూర్చున్నచోటు నుంచే పుల్లా డ్రమ్మూ ఆయన చేతికిచ్చాడు.

"ఒకసారి మీరే పెట్టి చూడండి. ఇటు ఓసారి, అటు ఓసారి."

ఆయన పంచె ఎగగట్టి గొంతుక్కూర్చున్నారు. పుల్ల ఒకవైపు బిగిసింది. మరోవైపు జారిపోయింది. నమ్మకం కుదరక ఇంకోసారి చూశారు. రెండో డ్రమ్ములోనూ చూశారు. అప్పటికి వేళ్ళు నల్లగా అయ్యాయి.

"గుండ్రం పోయింది" అన్నారు చివరికి.

"అవునండి. ఎత్తుగా ఉన్నచోట పట్టుకుంటుంది, పల్లంగా ఉన్నచోట వదిలేస్తుంది. పెడలు మీద ఎవరి కాలున్నా వణుకుతుంది."

ఆయన కాలేషా మోకాలి వైపు ఒకసారి చూశారు. "బాగవుతుందా?" అని మాత్రం అడిగారు.

"లేతు మిషను మీద గుండ్రంగా చెక్కించాలండి. బెజవాడ వెళ్ళాలి."

"పొద్దున బస్సుకే వెళ్ళండి. ఇద్దరూ వెళ్ళండి."

బెజవాడ లేతు మేస్త్రీ పెద్దవాడు. గోనెలో చుట్టి తెచ్చిన డ్రమ్ముల్ని విప్పి, లోపలి గోడ మీద వేలు పెట్టి చుట్టూ రాశాడు. నీలంగా మాడిన మచ్చల దగ్గర ఆగాడు.

"బాగా కాలిన దాన్ని నీళ్ళలో దించారు. ఎవరు?"

కాలేషా ఆ మచ్చల వైపు చూశాడు. లేతు తిరగడం మొదలుపెట్టింది. ఇనుము సన్నటి చుట్టలుగా చుట్టుకుంటూ నేలమీద పడుతోంది. ఆ చుట్టల్ని చూస్తుంటే అతనికి నెమ్మదిగా అంతా గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం గురించి ఇన్నాళ్ళూ తలచుకోని రోజు లేదు. తలచుకున్నది డ్రమ్ముల కోసం కాదు, అంతే.

తిరుగు బస్సులో అంతోనయ్య, నీళ్ళలో దించిందెవరని అడిగాడు. మైలవరం దాటాక కాలేషా చెప్పాడు.

* * *

బుధవారం మధ్యాహ్నానికి డ్రమ్ములు బిగించడం అయిపోయింది. ఊరి చుట్టూ ఓ తిరుగు తిరిగి వచ్చారు. పల్లంలో కాలు పెడితే పెడలు వెన్నముద్దలా దిగింది. వ్యాను ఆగింది.

చంద్రశేఖరంగారు అరుగు మీద నిలబడి ఉన్నారు. గుమ్మంలో ఆయన కూతురు ఇందిరాదేవి, బిడ్డను భుజాన వేసుకుని జోకొడుతోంది.

"ఇంతకీ ఎందుకలా అయ్యాయట?" అన్నారాయన.

"పాతబడ్డాయి గదండీ" అన్నాడు కాలేషా.

"పాతబడి కాదండి" అన్నాడు అంతోనయ్య. కాలేషా కళ్ళతో వారిస్తున్నా ఆగలేదు. "భాద్రపదంలో అమ్మాయిగారు పెనుగొలను వ్రతానికి వెళితే నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయంటగదండి. ఆస్పత్రికి తీసుకొస్తున్నప్పుడు, దారంతా తొక్కిన బ్రేకులు కాలిపోతుంటే, చల్లారేదాకా ఆగకుండా సాయిబుగారు కట్టలేట్లో దించేశారంట. వాగు నడుముదాకా పారుతోందంట. ఇనుము అప్పుడే గుండ్రం తప్పిందండి. అరిగేకొద్దీ బయటపడింది."

ఇందిరాదేవి జోకొట్టడం ఆపింది.

"అలా అవుతుందని తెలుసా నీకు?" అని అడిగారు చంద్రశేఖరంగారు.

"తెలుసండి. మామూలుగా ఏటి ఒడ్డున ఆపి, చక్రాలు చల్లారాకే దించేవాణ్ణి. ఆ రోజు అమ్మాయిగారు నా సీటు కమ్మీ పట్టుకుని ఉన్నారు. ఒక్కసారి వెనక్కి చూశాను. ఆగితే డ్రమ్ములు మిగిలేవి."

బిడ్డ నిద్రలో ఏదో గొణిగితే ఇందిరాదేవి మళ్ళీ తట్టింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు. అవి దాచుకోవడానికి లోపలికి కూడా వెళ్ళలేదు.

చంద్రశేఖరంగారు మెట్లు దిగి వచ్చారు. "కాలేషా, రేపు బండి నువ్వే తియ్యి. రేపే కాదు, ఎప్పట్లాగే."

కాలేషా చేతుల మసిని గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేదండి."

"ఏమని అడగను? నీ కాలే అనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నానండి. అడిగి ఉంటే, నా కాలు వణుకుతోంది, నన్ను మానిపించండని నా నోటితో నేనే చెప్పేవాణ్ణి. అడగలేదు మీరు. పొద్దున్నే వచ్చేసరికి వేరే మనిషి నిలబడి ఉన్నాడు."

ఆయన మొహం ఎర్రబడింది. కోపమో మరొకటో పోల్చుకోలేక అంతోనయ్య ఒకడుగు వెనక్కి వేశాడు. కాలేషా అదే గొంతుతో అన్నాడు.

"ఇతను ఇల్లు ఎత్తేసి వచ్చాడండి. పనిమంతుడు. మిల్లు లారీకి మనిషి లేక బాడుగ లారీలు పిలుస్తున్నారు. అదివ్వండి. అప్పుడు రేపు నేను వస్తాను."

చంద్రశేఖరంగారు వ్యాను వైపు చూశారు. "సరే" అన్నారు. ఆ తర్వాత లోపలికి వెళ్ళిపోయారు.

గురువారం తెల్లవారగానే బయల్దేరారు. కోటేశ్వరమ్మ నుదుటి బొప్పి తగ్గి పసుపు మచ్చ మిగిలింది. ఇందిరాదేవి ఒళ్ళో బిడ్డ, కాళ్ళ దగ్గర సారె గంపలు. వర్జ్యం రాకముందే బిడ్డను వాళ్ళ గుమ్మం ఎక్కించాలని కోటేశ్వరమ్మ దారి పొడుగునా గుర్తుచేస్తూనే ఉంది. పల్లాలన్నీ దిగారు. ఎక్కడా కుదుపు లేదు. ఆవిడ మాట మధ్యలో ఆగిపోయింది. కాలేషా అద్దంలో చూశాడు. కమ్మీని పట్టుకోకుండా, కోడలి భుజం మీద తలవాల్చి నిద్రపోతోంది.

కట్టలేటి ఒడ్డున కాలేషా వ్యాను ఆపాడు. నీళ్ళు మోకాలి లోతున తేటగా పారుతున్నాయి. సూర్యుడు అప్పటికే బారెడు ఎక్కాడు. పరమేశ్వరి వెనక నుంచి, "వర్జ్యం వచ్చేస్తుందండీ" అంది భర్తతో.

ఏ ఒడ్డున ఆగినా, "పోనీవోయ్, ఇంకెంతసేపు" అని తొందరపెట్టడం చంద్రశేఖరంగారికి అలవాటు. ఆయన తలుపు తీసుకుని దిగారు. వెనక్కి నడిచి, చక్రం పక్కన వంగి, డ్రమ్ము మీద అరచెయ్యి పెట్టబోయి చురుక్కుమని తీసేసుకున్నారు. ఆ చేతిని పంచెకు రాసుకుంటూ డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చారు.

"ఏమంటావు కాలేషా? పోదామా?"

కాలేషా ఏటి వైపు చూశాడు. అద్దంలో బిడ్డ వైపు చూశాడు.

"ఇంకాసేపు ఆగుదామండి."

"సరే" అన్నారు చంద్రశేఖరంగారు. కండువా దులిపి ఒడ్డున ఉన్న రాతి మీద పరుచుకుని కూర్చున్నారు. కాస్త జరిగి, పక్కన చోటు చేశారు. కాలేషా ఇంజను ఆపి, దిగి వచ్చి, ఆయన పక్కన కూర్చున్నాడు. నీళ్ళు పారుతూనే ఉన్నాయి.